స్వర్ణయుగంలో ఎంతమంది చచ్చిపోయారు?

"రేసింగ్ అంటే ఆ రోజుల్లోదే. ఇప్పుడేముంది, రంగులేసిన కంప్యూటర్లు గుండ్రంగా తిరుగుతున్నాయి."

షార్లెట్ చుట్టుపక్కల ఉద్యోగం చేసే తెలుగువాళ్ళకి ఈ డైలాగు కొత్తేం కాదు. సోమవారం పొద్దున కాఫీ దగ్గర నలభై దాటిన ఏ అమెరికన్‌ని కదిపినా ఇదే పాట. అర్న్‌హార్ట్ ఉన్నప్పుడు అలా ఉండేది, పెట్టీ ఉన్నప్పుడు ఇలా ఉండేది, ఇప్పటి డ్రైవర్లు పాలు తాగే పిల్లలు.. వాళ్ళంటే సరే, వాళ్ళ ఊరు, వాళ్ళ ఆట. వైటూకే రోజుల్లో ఇక్కడి బ్యాంకుల్లో దిగిన మన సీనియర్లు కూడా అదే అందుకున్నారు చూడండి, అక్కడొస్తుంది నాకు మంట. రెండు మూడేళ్ళు అర్న్‌హార్ట్‌ని చూశారో లేదో, ఆ తర్వాత వచ్చిన పాతికేళ్ళ రేసింగ్‌ని ఒక్క మాటలో కొట్టిపారేస్తారు.

తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. నాస్కార్ అంటే స్టాక్ కార్ రేసింగ్. 1947 డిసెంబర్‌లో డేటోనా బీచ్‌లో ఒక హోటల్లో బిల్ ఫ్రాన్స్ అనే ఆయన పదిమందిని కూడేసి మాట్లాడితే, 1948లో సంస్థగా ఏర్పడింది. "స్టాక్" అంటే షోరూంలో కొనే మామూలు కారు అని అర్థం. పేరుకే లెండి. 1949లో షార్లెట్‌లో జరిగిన మొట్టమొదటి రేసులోనే, ముందుగా గీత దాటిన గ్లెన్ డనవే కారుకి దొంగసారా మోయడానికి వేసిన గట్టి స్ప్రింగులు దొరికాయి. గెలుపు రద్దు చేసి జిమ్ రోపర్‌కి ఇచ్చారు. అంటే మొదటి రోజునుంచీ అది అచ్చమైన స్టాక్ కాదు. "ఆ రోజుల్లో కార్లు నిజమైన కార్లు" అనేవాళ్ళు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి :)

నా తరానికి ఈ లోకం పరిచయమైంది 2006లో వచ్చిన 'కార్స్' సినిమాతో. అందులో నీలం రంగు 'కింగ్' కారుకి గొంతు ఇచ్చింది సాక్షాత్తూ రిచర్డ్ పెట్టీయే. ఆ సినిమా కూడా పాతకాలం మీద బెంగతో తీసిందే, అది నాకిష్టమే. పాతవాటిని ప్రేమించడంతో నాకు పేచీ లేదు. అబద్ధపు లెక్కలతో ప్రేమించడంతోనే నా పేచీ అంతా.

లెక్కలే చూద్దాం, మనం ఇంజనీర్లం కదా.

మొదటి అబద్ధం: "అప్పట్లో పోటీ నువ్వా నేనా అన్నట్టు ఉండేది". 1965లో డార్లింగ్టన్‌లో సదరన్ 500 గెలిచిన నెడ్ జారెట్ ఎంత తేడాతో గెలిచాడో తెలుసా? సెకన్లు కాదు బాబూ, 14 ల్యాప్‌లు! దాదాపు 19 మైళ్ళు. రెండోవాడికి ఇంకా 14 చుట్లు మిగిలి ఉండగా ఈయన పని పూర్తి చేసేశాడు. 1967లో రిచర్డ్ పెట్టీ ఒక్క సీజన్లో 27 రేసులు గెలిచాడు, అందులో 10 వరుసగా. గొప్పవాడు, కాదనను. కానీ ఇవాళ ఒకడు అలా గెలిస్తే ఇదే జనం "ఏముంది, బోరు" అని టీవీ కట్టేస్తారు.

కట్టేశారు కూడా. 2006 నుంచి 2010 దాకా జిమ్మీ జాన్సన్ వరుసగా ఐదు ఛాంపియన్‌షిప్‌లు గెలిచాడు. ఆ ఘనత అంతకుముందు ఎవరికీ లేదు. అప్పుడు జనం అన్నదేంటి? మర మనిషి, చప్పిడి మనిషి అని. ఇప్పుడు అదే జనం "జిమ్మీ ఉన్న రోజులు.." అని నిట్టూరుస్తున్నారు.

రెండో అబద్ధం: "అప్పటి హీరోలంటే అందరికీ ప్రాణం". 1990ల్లో జెఫ్ గార్డన్ కనపడితే అర్న్‌హార్ట్ అభిమానులు గొంతు పోయేలా 'బూ' కొట్టేవారు. సరే, ఆయన కాలిఫోర్నియాలో పుట్టినవాడు, నీటుగా ఉంటాడు, దక్షిణాదివాళ్ళకి నచ్చలేదనుకుందాం. మరి అర్న్‌హార్ట్ సంగతి? 1999 ఆగస్టులో బ్రిస్టల్‌లో రాత్రి రేసు, చివరి ల్యాప్. ముందున్న టెర్రీ లబాంటీని వెనకనుంచి గుద్ది, గిర్రున తిప్పేసి గెలిచాడు. స్టేడియం మొత్తం ఆయన్ని తిట్టిపోసింది. ఏడాదిన్నర తర్వాత ఆయన చనిపోయాడు, దేవుడైపోయాడు. ఆ రోజు బూ కొట్టినవాళ్ళలో ఎంతమంది ఇప్పుడు నెంబర్ 3 టోపీ పెట్టుకుని తిరుగుతున్నారో!

మూడోది అబద్ధం కూడా కాదు, మతిమరుపు. వెండెల్ స్కాట్ పేరు మన సీనియర్ల నోట నేనెప్పుడూ వినలేదు. వర్జీనియాకి చెందిన నల్లజాతి డ్రైవర్, తన కారు తనే బాగుచేసుకునే మెకానిక్. 1963 డిసెంబర్ 1న ఫ్లోరిడాలోని జాక్సన్‌విల్‌లో అందరికంటే ముందు రేసు పూర్తి చేశాడు. జెండా ఊపింది మాత్రం బక్ బేకర్‌కి. ట్రోఫీ కూడా ఆయన చేతిలోనే పెట్టారు. కొన్ని గంటల తర్వాత, జనం ఇళ్ళకి పోయాక, "లెక్క తప్పాం, గెలిచింది స్కాట్" అన్నారు. 1990లో ఆయన చనిపోయాడు. నాస్కార్ ఆయన కుటుంబానికి ఆ గెలుపు ట్రోఫీ అందించింది 2021లో. దాదాపు 58 ఏళ్ళు! "ఆ రోజుల్లో మనుషులు నిక్కచ్చిగా ఉండేవాళ్ళు" అనేముందు, ఎవరి విషయంలో నిక్కచ్చిగా ఉన్నారో కూడా చెప్పాలి కదా.

ఇవన్నీ పక్కన పెట్టేయొచ్చు. నేను అసలు ఊరుకోలేని మాట వేరే ఉంది. "సేఫ్టీ, సేఫ్టీ అని ఆటలో దమ్ము తీసేశారు. అప్పటివాళ్ళు మగాళ్ళు, ప్రాణానికి తెగించి నడిపేవాళ్ళు."

తెగించి నడిపేవాళ్ళా, నడిపి పోయేవాళ్ళా? ఒక్క 1964 చూడండి. జనవరిలో జో వెదర్లీ. మే నెలలో షార్లెట్‌లో ఫైర్‌బాల్ రాబర్ట్స్ కారు అంటుకుంటే, కాలిన గాయాలతో జూలై దాకా ఆసుపత్రిలో పోరాడి పోయాడు. సెప్టెంబర్‌లో జిమ్మీ పార్డ్యూ, టైర్ల పరీక్షలో. ముగ్గురూ పేరున్నవాళ్ళే. ట్యాంకు పగిలి పెట్రోలు చిమ్మకుండా లోపల రబ్బరు సంచి పెట్టే ఫ్యూయెల్ సెల్ ఆ చావుల తర్వాతే వచ్చింది. ఎవడో పిరికివాడు కూర్చుని కనిపెట్టలేదు దాన్ని.

అంత దూరం ఎందుకు, సీనియర్లు కళ్ళారా చూసిన రోజులకే వద్దాం. 2000 మే 12న న్యూ హాంప్‌షైర్‌లో ప్రాక్టీసు చేస్తూ ఆడమ్ పెట్టీ పోయాడు. రిచర్డ్ పెట్టీ మనవడు, ఆ ఇంట్లో నాలుగో తరం. వయసు 19. ఎనిమిది వారాలకి అదే ట్రాక్‌లో, అదే మూడో మలుపులో కెన్నీ అర్విన్. అక్టోబర్‌లో టెక్సస్‌లో టోనీ రోపర్. 2001 ఫిబ్రవరి 18న డేటోనా 500 చివరి ల్యాప్‌లో డేల్ అర్న్‌హార్ట్. తొమ్మిది నెలల్లో నలుగురు!

కారణాలు వెతికితే పదే పదే తేలింది ఒక్కటే. బెల్టులు ఒంటిని సీటుకి కట్టిపడేస్తాయి. కారు కాంక్రీటు గోడకి తగిలి ఆగిపోతుంది, ఒళ్ళు ఆగిపోతుంది, తల మాత్రం ఆగదు. హెల్మెట్ బరువుతో సహా ముందుకి విసురుగా పోతుంది. పుర్రె అడుగుభాగం చిట్లుతుంది. అంతే.

దీనికి మందు అప్పటికే ఉంది. మిషిగన్ స్టేట్ యూనివర్సిటీ ప్రొఫెసర్ రాబర్ట్ హబ్బర్డ్, ఆయన బావగారు, రేసర్ జిమ్ డౌనింగ్ కలిసి 1980ల్లోనే 'హాన్స్' అనే పరికరం తయారుచేశారు. భుజాల మీద కూర్చునే ఒక కాలర్, దాన్నుంచి హెల్మెట్‌కి రెండు పట్టీలు. తల ఒంటితో పాటే ఆగుతుంది. ఇంతే ఐడియా! మరి ఎందుకు వాడలేదు? ఇరుకుగా ఉంటుందని, తల తిప్పలేమని, "మనకెందుకులే" అని. అర్న్‌హార్ట్ చివరిదాకా ముఖం కప్పని పాతరకం హెల్మెట్‌తోనే నడిపాడు, హాన్స్ పెట్టుకోలేదు. అది మగతనం కాదండీ, అలవాటు. నాస్కార్ సంగతి ఇంకా అన్యాయం. తన అతిపెద్ద స్టార్ పోయాక కూడా తలా మెడా పట్టి ఉంచే పరికరాన్ని తప్పనిసరి చేయడానికి అక్టోబర్ దాకా ఆగింది. అదీ షార్లెట్‌లో వేరే సిరీస్ రేసులో బ్లెయిజ్ అలెగ్జాండర్ అనే కుర్రాడు పోయిన తర్వాత.

ఆ తర్వాత గోడల సంగతి. నెబ్రాస్కా యూనివర్సిటీలో హైవే రక్షణ గోడల మీద పనిచేసే డీన్ సికింగ్ బృందం 'సేఫర్' గోడ తయారుచేసింది. కాంక్రీటుకి ముందు ఉక్కు గొట్టాల వరస, మధ్యలో ఫోము దిమ్మలు. కారు గుద్దితే గోడ కొంచెం లోపలికి పోయి దెబ్బ మింగుతుంది. 2002లో మొదట ఇండియానాపొలిస్‌లో పెట్టారు, తర్వాత మిగతా ట్రాకులకీ వచ్చింది.

ఫలితం? 2001 ఫిబ్రవరి తర్వాత నాస్కార్ మూడు జాతీయ సిరీస్‌ల్లో ట్రాక్ మీద ప్రమాదంలో ఒక్క డ్రైవర్ కూడా చనిపోలేదు. ఈ ఒక్క వాక్యాన్ని "దమ్ము తీసేశారు" అనేవాళ్ళు రోజుకి మూడు పూటలా చదువుకోవాలి.

ఇంకా నమ్మకం కుదరకపోతే 2020 ఫిబ్రవరి 17 చూడండి. మళ్ళీ డేటోనా 500, మళ్ళీ చివరి ల్యాప్. ముందున్న ర్యాన్ న్యూమన్ కారు గోడకి కొట్టుకుని, గాల్లోకి లేచి, తిరగబడింది. వెనకనుంచి వచ్చిన కారు సరిగ్గా డ్రైవర్ వైపునే గుద్దింది. తలకిందులుగా నిప్పులు చిమ్ముతూ జారుకుంటూ పోయింది. చూస్తున్నవాళ్ళం అందరం అయిపోయాడనే అనుకున్నాం. రెండు రోజుల తర్వాత ఆసుపత్రినుంచి ఇద్దరు కూతుళ్ళ చేతులు పట్టుకుని నడిచి బయటికొచ్చాడు. న్యూమన్ పర్‌డ్యూలో ఇంజనీరింగ్ చదివినవాడు, కార్లలో భద్రత చాలదని ఏళ్ళ తరబడి నాస్కార్‌తో పోట్లాడినవాడు. డ్రైవర్ చుట్టూ ఉండే పంజరంలో ఒక కడ్డీకి 'న్యూమన్ బార్' అనే పేరుంది. సణుగుడు గాడు అన్నారు ఆయన్ని. ఆ సణుగుడే ఆయన్ని బతికించింది.

1990ల అర్న్‌హార్ట్ కారులో, 1990ల గోడకి ఆ దెబ్బే తగిలి ఉంటే ఆ పిల్లల పక్కన ఎవరు నడిచేవాళ్ళు? "పాతరోజులు రావాలి" అనేవాళ్ళు ఈ ప్రశ్నకి జవాబు చెప్పాకే మాట్లాడాలి.

పాత అభిమానుల కోపంలో న్యాయం అసలు లేదని కాదు. నార్త్ విల్క్స్‌బరో లాంటి ట్రాక్‌ని 1996లో వదిలేయడం, రాకింగ్‌హామ్‌ని 2004లో ఖాళీ చేయడం డబ్బు కోసం చేసిన పనులే. అందుకే 2023లో నార్త్ విల్క్స్‌బరోకి ఆల్‌స్టార్ రేసు తిరిగొస్తే నాకూ సంతోషమేసింది. అలాగే అలన్ కుల్వికీ. మెకానికల్ ఇంజనీరింగ్ పట్టా ఉన్న డ్రైవర్, టీము ఓనర్ కూడా తనే. 1992 చివరి రేసులో ఎక్కువ ల్యాప్‌లు ముందున్నవాడికి వచ్చే బోనస్ పాయింట్ల కోసం లెక్క వేసుకుని మరీ నడిపాడు. బిల్ ఎలియట్ కంటే ఒక్కటంటే ఒక్క ల్యాప్ ఎక్కువ ముందుండి, 10 పాయింట్ల తేడాతో ఛాంపియన్ అయ్యాడు. రిచర్డ్ పెట్టీకి ఆఖరి రేసు అదే, జెఫ్ గార్డన్‌కి మొదటి రేసూ అదే. ఇలాంటి రోజు గురించి ఎంతసేపు చెప్పినా వింటాను. కానీ కుల్వికీని గుర్తు చేసుకోవడానికి ఇప్పటి కుర్రాళ్ళని తిట్టాల్సిన పనేముంది?

నాస్కార్‌కి ఈ బెంగని అమ్ముకోవడం బాగా తెలుసు. 2015 నుంచి డార్లింగ్టన్‌లో ఒక వారాంతం కార్లన్నిటికీ పాత రంగులు వేస్తారు. చూడముచ్చటగా ఉంటుంది. ఒక్కటి గమనించండి. పాత రంగులు వస్తాయి, పాత అక్షరాలు వస్తాయి, పాత సీటు మాత్రం రాదు. ముఖం కప్పని హెల్మెట్ రాదు. పాతకాలాన్ని తలకెత్తుకున్న రోజున కూడా లోపల కూర్చునేవాడు మెడకి హాన్స్ తగిలించుకునే కూర్చుంటాడు. తాతలు తాగిన నేతుల వాసన మూతికి పూసుకోవచ్చు, పుర్రె పణంగా పెట్టడానికి మాత్రం ఎవడూ సిద్ధంగా లేడు.

ఈ పాత పాట వల్ల నష్టం కూడా ఉంది. 2022లో కొత్త తరం కారు వచ్చింది. వెనక భాగం మరీ గట్టిగా ఉండి, దెబ్బంతా డ్రైవర్ ఒంటికి చేరుతోందని డ్రైవర్లు మొత్తుకున్నారు. ఆ జూలైలో పొకోనోలో అర్హత పరుగులో గోడకి తగిలిన కర్ట్ బుష్‌కి తలకి దెబ్బ తగిలింది. మాజీ ఛాంపియన్ కెరీర్ ఆ దెబ్బతో ముగిసిపోయింది. తర్వాతి ఏడాదికి కారు వెనక భాగం మార్చారు. అంటే పని ఇంకా అయిపోలేదు. అలాంటప్పుడు "నొప్పి" అన్న డ్రైవర్‌ని సుకుమారి అని ఎగతాళి చేయడం ఎంత ప్రమాదమో చెప్పక్కర్లేదు. అర్విన్‌కీ అర్న్‌హార్ట్‌కీ ఉన్న వాతావరణం అదే.

మన ఆఫీసుల్లోనూ ఉన్నారుగా, "మా రోజుల్లో టెస్టింగూ లేదు గిస్టింగూ లేదు, నేరుగా ప్రొడక్షన్‌లో మార్చేసేవాళ్ళం" అని మీసం మెలేసేవాళ్ళు. కూలిపోయిన సిస్టమ్‌ల సంగతి వాళ్ళు చెప్పరు. అక్కడ పోయేది డేటా, మహా అయితే ఉద్యోగం. ఇక్కడ పోయింది 19 ఏళ్ళ కుర్రాడు.

అర్న్‌హార్ట్ అంటే అంత ప్రేమ ఉంటే, ఆయన 76 గెలుపులతో పాటు ఆ చివరి మలుపుని కూడా గుర్తుపెట్టుకోండి. ఆడమ్ పేరు కూడా పలకండి. ఆయన కోసం పెట్టీ కుటుంబం 2004లో జబ్బు పిల్లలకి శిబిరం తెరిచిందే తప్ప, పాతరోజులు తిరిగి రావాలని కోరుకుంటూ కూర్చోలేదు. పోగొట్టుకున్నవాళ్ళు ముందుకి చూస్తున్నారు. టిక్కెట్టు కొని చూసినవాళ్ళకేనా వెనక్కి పోవాలన్న తొందర?