నూనె కాదు, వేడినీళ్లు

పాత .303 రైఫిల్‌పై మీ వ్యాసంలో, తూటా అడుగున '7జెడ్' అని ఉంటే తుప్పు భయం లేదనీ, కాల్చాక నూనె పూస్తే చాలనీ రాశారు. రెండూ తప్పే. జెడ్ అంటే కార్డైట్ బదులు నైట్రోసెల్యులోజ్ మందు అని. ఆ మందును అంటించే ప్రైమర్ సంగతి అది చెప్పదు. పాత ప్రైమర్లలోని పొటాషియం క్లోరేట్ కాలి, గొట్టంలో పొటాషియం క్లోరైడ్ అనే ఉప్పును మిగులుస్తుంది. అది గాలిలోని తేమను పీల్చి ఇనుమును తినేస్తుంది. ఉప్పు నూనెలో కరగదు, ఊరగాయ పెట్టే ఎవరినడిగినా చెబుతారు! అందుకే బ్రిటిష్ సైనికులు గరాటుతో మరిగే నీళ్లు పోసేవారు. గొట్టాన్ని పొడిగా తుడిచాకే నూనె.

– ఒక మాజీ ఆర్మరర్, కర్నూలు