చెయ్యి పెట్టనివ్వని సైన్సు

సున్నంలో తోళ్లు నానేసి, వెంట్రుక ఊడదీసి, తంగేడు చెక్క వేసి లందలో పదును చేసినోళ్లు మన తాతలు. సున్నం ఎక్కువైనా, రోజులు తప్పినా తోలు పాడయ్యేది. ఆ లెక్క వాళ్ల చేతికి తెలుసు. దాన్ని అంటరాని పని అన్నారు. 1948లో మద్రాసులో కేంద్ర తోలు పరిశోధన సంస్థ పెట్టాక అదే పని సైన్సయింది.

ఇవాళ హైదరాబాదులో తార్నాక, హబ్సిగూడ దారిలోనే ఐఐసిటి, సిసిఎంబి, ఎన్‌జిఆర్‌ఐ ఉన్నాయి. దేశంలో ఇట్లాంటి సర్కారు ల్యాబులు నడిచేది ప్రజల సొమ్ముతో. కూలి మనిషి కొనే సబ్బుబిళ్ల మీద పన్నూ అందులో ఉంది. మరి ఆ ల్యాబుల్లో ఎవరి పిల్లలు పని నేర్చుకుంటున్నారు?

పరిశోధన పుస్తకం చదివితే రాదు. చెయ్యి తిరగాలి. మైక్రోపిపెట్ పట్టాలి. సెంట్రిఫ్యూజ్‌లో గొట్టాలు ఎదురెదురుగా సమతూకంతో పెట్టాలి. రీడింగు తప్పొస్తే ఎక్కడ తప్పిందో పట్టుకోవాలి. ఇది మిషను ముందర నిలబడితేనే వస్తది.

ల్యాబుకు రెండు తలుపులున్నాయి. ఒకటి అందరికీ కనపడేది: సిఎస్‌ఐఆర్ నెట్ పరీక్ష. అందులో రిజర్వేషన్ ఉంది. జెఆర్‌ఎఫ్ వస్తే 2023 జనవరి నుంచి నెలకు 37,000 రూపాయలు. రెండోది కనపడనిది: వేసవి శిక్షణ, ఎమ్మెస్సీ ప్రాజెక్టు. దీనికి తెలిసినోళ్లు కావాలి, సిఫారసు లేఖ కావాలి. చాలాచోట్ల స్టైపెండు లేదు, కొన్నిచోట్ల విద్యార్థే ఫీజు కట్టాలి. పట్నంలో గది అద్దె వేరే. మూడు సైన్సు అకాడమీలు కలిసి ఇచ్చే వేసవి ఫెలోషిప్పులో డబ్బులిస్తారు, కానీ దానికీ లేఖ కావాల్సిందే.

తర్వాత ఇంటర్వ్యూలో "ఏ మిషను మీద పనిచేశావు?" అంటారు. మండల కాలేజీలో చదివిన మన పిల్ల ఏం చెప్పాలి? లేనిది మెరిట్ కాదు, మిషను!

చట్టమూ గడియ పెట్టింది. కేంద్ర విద్యాసంస్థల్లో సీట్ల రిజర్వేషన్‌కు 2006లో చేసిన చట్టమే టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్, హోమీ భాభా జాతీయ సంస్థ వంటి వాటిని మినహాయించింది. పెద్ద సైన్సుకు మనం పనికిరామనేనా దీనర్థం?

బాబాసాహెబ్ ఈ సంగతి ముందే పసిగట్టారు. 1942లో వైస్రాయికిచ్చిన వినతిపత్రంలో సైన్సు, టెక్నాలజీ చదివే మన పిల్లలకు విడిగా స్కాలర్‌షిప్పులు అడిగారు. సర్కారు ప్రెస్సుల్లో, రైల్వే వర్క్‌షాపుల్లో అప్రెంటిసులుగా తీసుకోమన్నారు. అంటే చదువుతోపాటు చేతిపనీ అడిగారు.

మనమూ అదే అడగాలి. ప్రతి శిక్షణ సీటుకూ బహిరంగ ప్రకటన ఇవ్వాలి. రోస్టర్ పాటించాలి. స్టైపెండు, హాస్టలు ఇవ్వాలి. ఏటా ఎంతమంది దళిత, ఆదివాసీ పిల్లల్ని తీసుకున్నారో గోడకు అంటించాలి. చెప్పకపోతే సమాచార హక్కు చట్టం ఉంది, పది రూపాయల దరఖాస్తు. సంఘాల వాళ్లు ఒక్కో ల్యాబుకు ఒక్కోటి పెట్టండి. మీ ఊళ్లో బీఎస్సీ, ఎమ్మెస్సీ చదివే పిల్లల పేర్లు ఇప్పుడే రాసిపెట్టుకోండి. తలుపు తెరిచిన నాడు పంపడానికి మనోళ్లు సిద్ధంగా ఉండాలి.