రికార్డులో అన్నీ సాధించినట్టే

ఆరో తరగతి గణితం పీరియడ్. బోర్డు మీద రెండు భిన్నాలు: 1/3, 1/4. ఏది పెద్దదని ఛాత్రోపాధ్యాయురాలు అడిగితే సగం తరగతి 1/4 అంటూ అరిచింది. మూడు కంటే నాలుగు పెద్దది కదా మరి! ఆమె పాఠ్య పథకంలో మాత్రం ‘విద్యార్థి భిన్నాలను పోలుస్తాడు’ అన్న స్పష్టీకరణ ముందు రాత్రే సిద్ధమైంది. వెనక బెంచీలో సూపర్‌వైజర్ ఉన్నారు. టైమ్ అయిపోతోంది. సరైన జవాబు తనే చెప్పేసి ఆమె తర్వాతి లెక్కకు వెళ్లిపోయింది.

అసలు చిక్కు సాయంత్రం డైరీ ముందు కూర్చున్నాక మొదలైంది. పిల్లలకు అర్థం కాలేదని రాయాలా? ఆ డైరీకీ మార్కులున్నాయి. సీనియర్ల రికార్డుల్లో రెడీమేడ్ వాక్యం దొరుకుతుంది: పాఠం ఆశించిన లక్ష్యాలను సాధించింది. ఏటా బీఈడీ కాలేజీల్లో ఈ వాక్యం చేతులు మారుతూనే ఉంటుంది.

లక్ష్యాలు రాయడం దండగేమీ కాదు. ఏం నేర్పాలో తెలియకుండా తరగతికి వెళ్లడం కంటే అది నయం. అయితే వాటి పుట్టుక గుర్తుంచుకోవాలి. 1956లో అమెరికాలో బెంజమిన్ బ్లూమ్ బృందం చేసిన వర్గీకరణ ప్రధానంగా యూనివర్సిటీ పరీక్షల నిర్వాహకుల అవసరం కోసం పుట్టింది. మరుసటి ఏడాది ఆయన భారత్‌కు వచ్చిందీ పరీక్షల సంస్కరణ పని మీదే. పరీక్ష పెట్టేవారి కొలబద్ద క్రమంగా పాఠం చెప్పేవారి చేతికొచ్చింది. జ్ఞానం, అవగాహన, వినియోగం, నైపుణ్యం అంటూ నాలుగు గళ్లు గీయడం బీఈడీలో తొలి విద్య అయింది. ‘పోలుస్తాడు’ అన్న క్రియ పిల్లాడి పేరు మీద ఉన్నా, అది టీచర్ ఆశ. ఆశ నెరవేరిందో లేదో పాఠం అయ్యాకే తెలుస్తుంది.

ఆ తేడా పట్టుకోవడానికే డైరీ. జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి 2014 నిబంధనలు బీఈడీని రెండేళ్లు చేసి, బడితోనూ సమాజంతోనూ కలిసి పని చేయడానికి 20 వారాలు కేటాయించాయి. లెక్కకు 40 పాఠాలు చెప్పేసి చేతులు దులుపుకోకుండా, చెప్పిన పాఠం గురించి ఆలోచించాలన్నది ఉద్దేశం. తీరా జరిగిందేమిటి? ఆలోచన కూడా ఇంకో రికార్డయింది, అట్ట వేసి సంతకం పెట్టించుకునే రికార్డు.

నష్టం పిల్లలకే. 2022 అసర్ సర్వే ప్రకారం గ్రామీణ భారతంలో మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవారు 20.5 శాతమే. 2024లో అది 27 శాతానికి చేరింది. మిగిలినవారికి చెప్పిన పాఠాల్లోనూ లక్ష్యాలు లేకపోలేదు.

మార్కులు ఇవ్వాల్సిందే అయితే పాఠం నెగ్గినందుకు కాక, ఎక్కడ తప్పిందో పట్టుకున్నందుకు ఇవ్వవచ్చు. పిల్లాడు ఏమన్నాడు, ఎందుకలా అనుకున్నాడు, రేపు ఏం అడగాలి? ఈ మూడూ రాస్తే ఒక పేజీ చాలు. చదవడానికి అధ్యాపకుడికి ఓపిక ఉండాలి, అంతే. వంద రికార్డుల మీద ఒక్క పూటలో సంతకాలు చేసేవారికి అది కుదరదు.

ఆమె మర్నాడు ఒకే పొడవున్న కాగితపు పట్టీలు పంచింది. ఒకదాన్ని మూడు మడతలు, ఇంకోదాన్ని నాలుగు మడతలు వేయమంది. ఓ అబ్బాయి రెండూ పక్కపక్కన పెట్టి చూసుకుని నోట్సులో నిన్నటి జవాబు కొట్టేశాడు. పక్కవాడు మాత్రం నాలుగే పెద్దదని ఇంకా వాదిస్తున్నాడు. ఇద్దరి మాటలూ డైరీకెక్కాయి.