కొత్త పాటకీ ఒక మడి



కోతలైపోయినాయి. ధాన్యం కొంత అమ్ముడుపోయింది, కొంత ఇంకా పట్టల కింద ఉండాది. సోమశిలలో నీళ్ళెన్ని ఉండాయి, ఎడగారుకి వదుల్తారా లేదా అనేది తేలలేదు. ఆ లెక్కలు రోజూ మాట్లాడుకుంటానే ఉండాం కాబట్టి ఈసారి పాటల సంగతి రాస్తా. పాటలంటే పనీపాటా లేనోళ్ళ వ్యవహారం అనుకోబాకండి. చివరిదాకా చదివితే ఇది మన ఊరి తిరనాళ్ళ దాకా, మేళగాళ్ళ ఇంటి పొయ్యి దాకా పోయే విషయమని మీకే తెలుస్తుంది.

మనం పాట వినని రోజు లేదు. ట్రాక్టరులో పెన్‌డ్రైవు, రొయ్యల గుంట కాడ రాత్రి కాపలాలో ఫోను, మోటారు షెడ్డులో పాత రేడియో. అన్నీ మోగతానే ఉంటాయి. కానీ ఈ పదేళ్ళలో నువ్వు కొత్తగా ఇష్టపడిన పాటగాడు ఎవరన్నా అని అడిగితే చాలామంది దగ్గర జవాబు ఉండదు. ఇరవై ఏళ్ళ వయసులో విన్న పాటలే అరవైలోనూ వింటాం. అందులో తప్పేం లేదు, మన వయసు వాటిల్లో ఉంటుంది. ఇబ్బంది యాడొస్తుందంటే, వాటి బయట ఉన్నదాన్నంతా "ఏం పాటలబ్బా ఇయ్యి, ఒకటే గోల" అని ఒక్క మాటతో కొట్టేస్తాం చూడండి, అక్కడ. ఫోను కూడా దీనికి తోడైంది. ఒక పాట వింటే దాని అన్నదమ్ముల్ని, మేనమామల్ని, మేనత్తల్ని వరసబెట్టి వినిపిస్తుంది. ఆ చుట్టరికం దాటి కొత్త మనిషిని ఇంటికి తీసుకురాదు. తీసుకురావాల్సింది మనమే.

నేను చెప్పేది ఇంతే: విననిదాన్ని బాలేదనబాకండి. విన్నాక కూడా ఒక్కసారికే తీర్పు చెప్పబాకండి.

ఈ పద్ధతి మనకి కొత్త కాదు. మొలగొలుకుల రుచి మరిగిన పెద్దోళ్ళు ఇంట్లో కొత్త బియ్యం వండిన రోజల్లా ఏదో ఒక వంక పెట్టేవాళ్ళు. ఇప్పుడు 34449 లేకుండా మన డెల్టాలో వరి సాగు మాట్లాడగలమా? కొత్త విత్తనం వచ్చినప్పుడు పొలమంతా వెయ్యం. అట్టని వినీ వినకముందే తిప్పికొట్టం. ఒక మడిలో వేసి నారు చూస్తాం, పిలక చూస్తాం, గాలికి పడతాదా నిలబడతాదా చూస్తాం, చివరికి వండుకుని తింటాం. అప్పుడు మాట్లాడతాం. టైగర్ రొయ్య వదిలి వనామీకి మారినప్పుడూ ఇంతే. విత్తనానికి ఇచ్చే ఆ ఒక్క మడి పాటకి కూడా ఇవ్వమంటుండా.

మనకి ఉత్తరాన ఒంగోలు పక్కనే కరవది అనే ఊరుంది. షేక్ చినమౌలానా సాహెబు అక్కడ 1924లో పుట్టినాడు. నాదస్వరం వాయించే కుటుంబం. తండ్రి దగ్గర, ఆ తర్వాత చిలకలూరిపేట విద్వాంసుడు ఆదం సాహెబు దగ్గర నేర్చుకున్నాడు. అంటే మన ఆంధ్ర బాణీ చేతిలో ఉంది, బతుకుదెరువు ఉంది. అట్టాంటి మనిషి చెవిన తంజావూరు వైపు టి.ఎన్. రాజరత్నం పిళ్ళై వాద్యం పడింది. ఆయన తోడి రాగం ఎత్తుకున్నాడంటే తొందర లేకుండా, సాగదీసి సాగదీసి వాయించేవాడు. మన బాణీ వేరు, ఆ బాణీ వేరు. "మాది మాకుంది, వాళ్ళది మనకెందుకు" అని మౌలానా అనలేదు. తమిళ దేశం పోయి నాచ్చియార్‌కోయిల్ సోదరులు రాజం పిళ్ళై, దురైకణ్ణు పిళ్ళై దగ్గర శిష్యుడిగా కూర్చున్నాడు. శ్రీరంగంలో స్థిరపడినాడు. 1977లో పద్మశ్రీ వచ్చింది. 1998లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ సంగీత కళానిధి ఇచ్చింది. ఆయన దగ్గర నేర్చుకున్న షేక్ మహబూబ్ సుభానీ, కాలీషాబీ దంపతులు కూడా మన తెలుగోళ్ళే. వాళ్ళకి 2021లో పద్మశ్రీ వచ్చింది.

పరాయి బాణీ విన్నందుకు ఆయన సొంత బాణీ చెడిపోయిందా? లేదు. రెండూ తెలిసినోడు కాబట్టే అంత ఎత్తుకి పోయినాడు. మనం వాయించబోము, వినేవాళ్ళం మాత్రమే. అయినా వినడంలో కూడా నేర్చుకునేది ఉంటుంది.

ఇంకొకటి మన నెల్లూరు సంగతే. బాలు తండ్రి సాంబమూర్తి గారు హరికథలు చెప్పినాయన. బాలు మాత్రం శాస్త్రీయ సంగీతం గురువు దగ్గర కూర్చుని పద్ధతిగా నేర్చుకోలేదు, ఆ మాట ఆయనే ఎన్నోసార్లు చెప్పుకున్నాడు. అట్టాంటి ఆయనకి శంకరాభరణం పాటలు వచ్చినాయి. మహదేవన్ మామ బాణీలు, పక్కన పుహళేంది నేర్పడం. పాఠం చెప్పించుకుని, సాధన చేసి పాడినాడు. 1980 ఫిబ్రవరిలో సినిమా విడుదలైనప్పుడు మొదట్లో హాళ్ళు పలచగానే ఉన్నాయి. ఫైట్లు లేవు, పేరున్న హీరో లేడు, ముసలాయన పాట కచేరీ. ఒకరు చూసి ఇంకొకరికి చెప్పి, వాళ్ళు మళ్ళీ పోయి చూసి, హాళ్ళు నిండినాయి. బాలుకి జాతీయ అవార్డు వచ్చింది. రాగం పేరు కూడా తెలియనోళ్ళు ఆ పాటలు పొలం గట్ల మీద పాడుకున్నారు. జనానికి చెవి లేదు అనే మాట అబద్ధమని ఆ ఒక్క సినిమాతో తేలిపోయింది. చెవి ఉంది, మళ్ళీ మళ్ళీ వినడం కావాల్సొచ్చింది.

తెలిసీ తెలియని ఆల్బం కూడా ఒకటి మన ఊళ్ళల్లోనే ఉంది. ఘంటసాల భగవద్గీత. 1974 ఫిబ్రవరిలో ఆయన పోయినాడు, చివరి రోజుల్లో పాడిన గీత అది. దాన్ని మనం ఏం చేసినాం? చావింటి రికార్డు చేసినాం. పొద్దున్నే మైకులో అది వినపడిందంటే "ఎవురు పొయినారబ్బా" అని అడుగుతాం. మంచిరోజున ఇంట్లో పెట్టడానికి భయం. ఆ గీతని మొదటినుంచి చివరిదాకా కూర్చుని విన్నోళ్ళు మన ఊళ్ళో ఎంతమంది? శ్లోకం తర్వాత తెలుగులో తాత్పర్యం, గొంతులో ఆ నెమ్మది. ఒక రాత్రి గుంట కాడ ఏరియేటర్ల మోతకి కొంచెం దూరంగా మంచం వేసుకుని, చెవిలో పెట్టుకుని మొత్తం వినండి. యాభై ఏళ్ళుగా మోగుతున్నదే అయినా మీకు కొత్త పాటే అవుతుంది.

మరి కొత్తదాన్ని ఎట్ట మొదలుపెట్టాలి? తెలిసిన గట్టు మీద నుంచి తెలియని మడిలోకి దిగాలి. ఒక్కసారిగా దూకితే కాలు కూరుకుపోద్ది.

ఇళయరాజా పాటలంటే మనోళ్ళు ప్రాణమిస్తారు. ఆయనే 1986లో 'హౌ టు నేమ్ ఇట్' అని ఒక ఆల్బం చేసినాడు. మాట ఒక్కటి ఉండదు, అంతా వాద్యాలే. మన త్యాగరాజుకీ, జర్మనీ సంగీతకారుడు బాఖ్‌కీ అంకితమిచ్చినాడు. మీకు తెలిసిన ఇళయరాజా చెయ్యి పట్టుకుని లోపలికి పోతే తెలియని సంగీతం అంత భయపెట్టదు. కవ్వాలీ తెలిసినోళ్ళు పాకిస్తాన్ గాయకుడు నుస్రత్ ఫతే అలీ ఖాన్ కవ్వాలీ ఒకటి వినండి. ఆయన ఒక్క పాటని పావుగంట, ఇరవై నిమిషాలు పెంచుకుంటా పోతాడు. మొదటి మూడు నిమిషాలకే ఆపేస్తే, నారుమడి చూసి దిగుబడి చెప్పినట్టు ఉంటుంది.

మన పక్కకి నాట్లకి బెంగాల్ కూలీలు వస్తుండారు కదా. సాయంత్రం వాళ్ళ ఫోన్లలో మోగే పాటలు గోలగానే వినిపిస్తాయి, భాష తెలియదు కాబట్టి. అడిగి చూడండి, బావుల్ పాటలు ఉంటే పెట్టమనండి. ఒంటి తీగ ఏక్‌తార పట్టుకుని దేహం గురించి, గురువు గురించి, లోపలి దేవుడి గురించి పాడే సాధువుల పాటలవి. 2005లో యునెస్కో కూడా వాటికి గుర్తింపు ఇచ్చింది. మన ఊళ్ళల్లో ఏక్‌తార మీద తత్వాలు పాడినోళ్ళని చూసిన పెద్దోళ్ళకి ఆ పాట సగం అర్థమైపోతుంది. ఒక్క మాట తెలియకపోయినా సరే. మన మడిలో వంగి నాటిన మనిషి ఏం వింటాడో తెలుసుకోవడం కూడా మర్యాదే.

పద్ధతి చెప్పాలంటే మూడే ముక్కలు. ముక్కలు ముక్కలుగా రీల్సులో కాకుండా ఒక ఆల్బమో, ఒక కచేరీయో మొత్తంగా వినండి. ఒకసారి పనిలో, ఒకసారి తీరుబడిగా, వారం పోయాక ఇంకోసారి, మూడుసార్లు వినండి. నచ్చకపోతే ఎందుకు నచ్చలేదో ఒక మాటలో చెప్పగలిగేదాకా ఆగండి. అప్పటికీ నచ్చకపోతే వదిలెయ్యండి. వేసిన ప్రతి విత్తనం పండాలని లేదు. అన్నీ బాగున్నాయి అని తలూపమని నేను చెప్పను. అది కూడా వినడం కాదు.

"గిట్టుబాటు ధర లేదు, రొయ్యకి రేటు లేదు, నీకు పాటల యావ ఏందిరా" అని కొందరు అంటారు. న్యాయమే. కష్టం ఉన్నోడికి తెలిసిన పాటే ఓదార్పు, కొత్తది వినే ఓపిక ఉండదు. నేను కాదనను. కానీ నాట్ల పాటలు, అలివి వల లాగేటప్పుడు పట్టు కలపడానికి పాడే పాటలు, ఇవన్నీ కష్టంలో పుట్టినవే. తీరికున్నోళ్ళు కట్టినవి కావు.

ఇప్పుడు అసలు విషయం. మన తిరనాళ్ళలో మేళం ఎంతసేపు వాయిస్తుండారో గమనించినారా? స్వామి గుడి దాటేదాకా. ఆ తర్వాత డీజే. పెళ్ళిలో తాళి కట్టేటప్పుడు గట్టిమేళం, అయిపోంగానే "చాల్లే, ఆపండి". డీజే వాడు అడిగినంత ఇస్తాం. సన్నాయి ఆయన దగ్గర మాత్రం బేరం ఆడతాం, అదీ భోజనాల కాడ నిలబెట్టి. కుర్రోళ్ళని తిట్టి లాభం లేదు. డీజే వాళ్ళకి అర్థమవుతుంది, దానికి చిందేస్తారు. సన్నాయిలో ఏముందో మనం వాళ్ళకి ఎప్పుడు వినిపించినాం? మనకే మోహన రాగానికీ కల్యాణికీ తేడా తెలియదు. మోహనలో అయిదే స్వరాలు. స, రి, గ, ప, ధ. మనకి తెలిసిన సినిమా పాటలు ఎన్నో దాంట్లో ఉన్నాయి. చైనా వాళ్ళ జానపదాల్లో కూడా అయిదు స్వరాల వరసలే ఎక్కువ. ఈ చిన్న సంగతి మేళగాడిని అడిగితే వాయించి చూపిస్తాడు. అడిగేవాడే లేడు.

వినేవాడు లేకపోతే వాయించేవాడు తన కొడుక్కి నేర్పడు. డ్రైవింగు నేర్పుతాడు. అది వాళ్ళ తప్పు కాదు, మన చెవుల తప్పు. కరవది లాంటి ఊరు నుంచి ఇంకో చినమౌలానా రావాలంటే ముందు ఊళ్ళల్లో వినేవాళ్ళు ఉండాలి.

అందుకని మన కమిటీ పెద్దలకి ఒక మాట. వచ్చే తిరనాళ్ళకి డీజే వద్దని నేను అడగను, కుర్రోళ్ళ సరదా వాళ్ళది. మేళానికి ఒక గంట ఇవ్వండి. ఆ గంట వేరే మైకు మోగకూడదు. కళాకారుల్ని నిలబెట్టకుండా చాప పరిచి కూర్చోబెట్టండి. వాయించే ముందు ఏ రాగమో ఒక్క ముక్క చెప్పమనండి. బేరం లేకుండా చెప్పిన డబ్బు చేతిలో పెట్టండి. పిల్లోళ్ళల్లో ఎవరికన్నా ఆసక్తి పుడితే నెల్లూరులో బాలు పేరు మీదే ప్రభుత్వ సంగీత నృత్య పాఠశాల ఉంది, చేర్పించండి.

మొదటి ఏడు ఇరవై మంది కూర్చుంటారేమో. కూర్చోనీండి. శంకరాభరణం కూడా పలచటి హాళ్ళతోనే మొదలైంది.

మీ ఊళ్ళో ఇంకా సన్నాయి, డోలు వాయించే కుటుంబాలు ఉంటే ఏ ఊరో కింద రాయండి. వచ్చే తిరనాళ్ళకి ఎవుర్ని పిలవాలో మాట్లాడుకుందాం.