ఎండకు ‘భానుడి ప్రతాపం’ అని పేరెందుకు?

సంపాదక మహాశయులకు,

వాతావరణ మార్పుపై గత వారం మీరు వేసిన వ్యాసంలో ‘భానుడి ప్రతాపం’, ‘వరుణుడు కరుణించలేదు’ లాంటి మాటలు జనానికి తేలిగ్గా ఎక్కుతాయన్నారు. ఎక్కుతాయి, నిజమే. ఏం ఎక్కుతుందన్న దగ్గరే నా పేచీ. దేవుడికి కోపమొచ్చిందంటే మనిషి చేయగలిగింది దండం పెట్టుకోవడమే. బొగ్గు పొగ, నరికిన చెట్లు లెక్కలోకే రావు.

2015 మే వడగాడ్పులకు తెలుగు రాష్ట్రాలు రెండింటిలో దాదాపు రెండు వేల మంది పోయారు. మా నల్లగొండ, పాలమూరు జిల్లాలూ గట్టిగా దెబ్బతిన్నాయి. నడినెత్తిన ఎండలో ఉపాధి పనికి వెళ్లి కందకంలో గడ్డపార వేసే కూలీకి కావాల్సింది నీడ, మంచినీళ్లు, పనివేళల మార్పు. అవి కల్పించే బాధ్యత అధికారులది.

‘కరువు కాటేసింది’ అన్నా అంతే. మా నేల కింద గ్రానైటు బండ. నీళ్లుండేది దాని పగుళ్లలోనే. వాటిని బోర్లతో తోడేశాం, చెరువులను పూడనిచ్చాం. వాన ముఖం చాటేసిన ఏడు ఆ లోటంతా బయటపడుతుంది.

ఈ వేసవిలోనైనా ఎండ వార్తతో పాటు పనిచోట నీడ ఉందో లేదో కూడా రాయండి.

– ఒక రైతు, దేవరకొండ, నల్లగొండ జిల్లా