గుంటూరు లెక్క గుర్తుందా?

తల్లి నుంచి బిడ్డకు హెచ్‌ఐవీ సోకడాన్ని నిర్మూలిస్తామని జాతీయ ఎయిడ్స్ నియంత్రణ కార్యక్రమం ఐదో దశలో రాసుకున్నారు. కేటాయింపు రూ.15,471.94 కోట్లు, గడువు 2021 ఏప్రిల్ నుంచి 2026 మార్చి దాకా. ఆ గడువు చుట్టూ జరిగిన వాదనంతా శాతాల మీదే నడిచింది. రేటు బాగా తగ్గిందని ఒకరు, తగ్గింది చాలదని ఇంకొకరు. ఇంతకీ ఆ శాతం ఎక్కడ పుట్టిందని అడిగినవారు కనిపించరు. ఏ ఆస్పత్రి రిజిస్టరు తిరగేసినా అది దొరకదు. కంప్యూటరులో నడిచే ఒక గణిత నమూనా దాన్ని కట్టి ఇస్తుంది. నమూనాలు వాడొద్దని నేననను. కట్టిన అంకెను లెక్కపెట్టిన అంకెగా చెలామణీ చేస్తుంటే మాత్రం ఒప్పుకోలేను.

ఎందుకంటే గుంటూరు ఉంది. 2006లో బీఎంసీ మెడిసిన్ పత్రికలో వచ్చిన ఒక అధ్యయనం గురించి ఈ చర్చలో ఎవరూ నోరెత్తరు. హైదరాబాద్ అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజీ పరిశోధకులు అప్పటి ఉమ్మడి గుంటూరు జిల్లాలో ఆస్పత్రులకు వచ్చినవాళ్ళతో సరిపెట్టుకోకుండా జనంలోకి వెళ్ళారు. 13,838 మందిని ఎంచుకుంటే 12,617 మంది రక్తం ఇచ్చారు. దాన్నిబట్టి జిల్లాలో 15-49 ఏళ్ళ వయసువారిలో హెచ్‌ఐవీ ఉన్నవారు సుమారు 45,900 అని తేలింది. అదే జిల్లాకు సర్కారు వాడుతున్న పద్ధతిలో లెక్కగడితే 1,12,600 వచ్చింది. దాదాపు రెండున్నర రెట్లు!

తేడా ఎందుకొచ్చిందో కూడా వాళ్ళే చెప్పారు. సుఖవ్యాధుల క్లినిక్కుల అంకెలను అక్కర్లేకుండా పైన కలిపారు. అనుమానం ఉన్న రోగిని ప్రైవేటు డాక్టర్లు ‘పెద్దాసుపత్రికి వెళ్ళండి’ అని పంపేస్తుంటే, ఆ కేసులన్నీ ప్రభుత్వాస్పత్రుల్లోనే పోగుపడ్డాయి. అక్కడికి వెళ్ళేది ఎక్కువగా పేదవాళ్ళు. వాళ్ళ రక్తంలో కనిపించిన శాతాన్ని జిల్లా మొత్తానికీ పరిచారు. సూత్రంలో తప్పు లేదు, గుణకారంలోనూ లేదు. రక్తం ఎవరిది తీసుకున్నారన్న దగ్గరే దెబ్బతింది. మరుసటి ఏడాది జులైలో, జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే మూడో విడత రక్త పరీక్షల ఫలితాలు కూడా చేరాక, దేశం మొత్తం అంకె 52 లక్షల నుంచి 25 లక్షలకు దిగిపోయింది. ఒక్క పత్రికా సమావేశంతో 27 లక్షల మంది కాగితం మీద నుంచి మాయమయ్యారు. రోగం తగ్గి కాదు.

ఇప్పుడు వాడే పనిముట్టు అప్పటి పద్ధతి కంటే చాలా మెరుగైనది. అందులో సందేహం లేదు. యూఎన్‌ఎయిడ్స్ దేశాలన్నిటికీ సిఫార్సు చేసే స్పెక్ట్రమ్ అనే సాఫ్ట్‌వేర్‌తో జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ (న్యాకో), భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) కలిసి ఏటా అంచనాలు కడుతున్నాయి. ఆ సాఫ్ట్‌వేర్ పెద్దల్లో వైరస్ వ్యాప్తిని అవకలన సమీకరణాలుగా రాసి, ఏడాదిని పది అడుగులుగా కోసి, ఒక్కో అడుగుకూ విలువ కట్టుకుంటూ పోతుంది. అలా వచ్చిన హెచ్‌ఐవీ ఉన్న స్త్రీల సంఖ్య నుంచి, వాళ్ళలో ఎందరికి కాన్పులవుతాయో తీస్తుంది. అందులో చికిత్సలో ఉన్నవారు ఎందరో కార్యక్రమం నుంచి తీసుకుంటుంది. మందులు వాడే తల్లికి ఇంత, వాడని తల్లికి ఇంత, పాలిచ్చే ఒక్కో నెలకూ ఇంత అని ముందే ఇచ్చిన సంభావ్యతలతో గుణిస్తుంది. చివర వచ్చేదే ‘సంక్రమణ రేటు’. అంటే ఒక్క బిడ్డ మడమ నుంచి చుక్క రక్తం తీయకపోయినా ఈ రేటు వచ్చేస్తుంది, దశాంశ స్థానాలతో సహా.

డిగ్రీలో సంఖ్యా విశ్లేషణ పేపరు రాసినవారికి ఇందులోని చిక్కు వెంటనే తడుతుంది. ఇలా అడుగులు వేస్తూ సమీకరణాన్ని సాధించే ఆయిలర్ పద్ధతిలో అడుగు పొడవు సగం చేస్తే దోషం దాదాపు సగమవుతుంది. నాలుగో క్రమపు రంగే-కుట్టా పద్ధతిలో అయితే పదహారో వంతుకు పడుతుంది. విద్యార్థికి ఇది చూస్తే ముచ్చటేస్తుంది. కానీ ఆ తగ్గేది సమీకరణాన్ని సాధించడంలో జరిగే దోషం మాత్రమే. సమీకరణంలోకి వెళ్ళిన దత్తాంశంలో ఉన్న దోషం అడుగు ఎంత చిన్నదైనా చెక్కుచెదరదు. ఆది తప్పుగా తీసుకున్న జాకెట్టును ఎంత సన్నటి కుట్టుతో కుట్టినా అది ఒంటికి పట్టదు. పద్ధతి అభిసరిస్తుంది, నిజమే. మనం ఇచ్చిన సమీకరణపు జవాబు వైపు అభిసరిస్తుంది. గుంటూరులో వీధి వీధీ తిరిగితే దొరికిన 45,900 వైపు అభిసరించాలన్న నియమం దానికేమీ లేదు.

ఒక చిన్న లెక్క వేసి చూద్దాం. అంకెలు ఊహించుకున్నవే, గుణకారం మాత్రం నిజం. ఒక ప్రాంతంలో ఏడాదికి 900 మంది హెచ్‌ఐవీ ఉన్న గర్భిణులు మందులు వాడుతున్నారనుకోండి. నమూనా లెక్కలో అక్కడ అలాంటి గర్భిణులు మొత్తం 950 మంది. మందులు వాడేవారిలో నూటికి ఇద్దరు, వాడనివారిలో మూడోవంతు మంది బిడ్డలకు వైరస్ సోకుతుందనుకుంటే, 18కి 17 కలిపి 35 మంది. రేటు 3.7 శాతం. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన 5 శాతం గీత దాటేశాం, శాలువాలు తెప్పించవచ్చు. ఇప్పుడు నిజంగా ఉన్న గర్భిణులు 950 కాదు, 1,800 అనుకోండి. గుంటూరులో రెండున్నర రెట్ల తేడా చూసినవాళ్ళం, ఇక్కడ రెండు రెట్లు కూడా అడగడం లేదు. అప్పుడు 18కి 300 కలిసి 318. రేటు 17 శాతం దాటింది. మందులు అవే, నర్సులు వాళ్ళే, పని అంతే. హారం ఒక్కటే మారింది.

గుంటూరులో తప్పు ఎక్కువ వైపు పోయింది కదా, తక్కువ వైపు పోతుందని ఎందుకనుకోవాలి అనొచ్చు. పోతుందని నేను చెప్పడం లేదు. ఎటు పోయిందో ఆస్పత్రి గుమ్మంలో కూర్చుంటే తెలియదనే ఆ అధ్యయనం చెప్పింది. హెచ్‌ఐవీ నిఘా సర్వేలో ఒక్కో కేంద్రంలో 400 మంది గర్భిణుల రక్త నమూనాలు తీసుకుంటారు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత ప్రకారం తెలంగాణలో దాదాపు సగం కాన్పులు ప్రైవేటు ఆస్పత్రుల్లోనే జరుగుతున్నాయి. ఆ సగం మందికి పరీక్ష ఎప్పుడు చేశారు, పాజిటివ్ వచ్చినవారు హెచ్‌ఐవీ మందులిచ్చే ఏ ఏఆర్‌టీ కేంద్రానికి చేరారు, అసలు చేరారా? 2006లో గుంటూరు పరిశోధకులు వేలెత్తి చూపిన తలుపు ఇదే. ఇప్పటికీ బార్లా తెరిచే ఉంది.

ఇక మన ఇళ్ళ సంగతి ఏ సాఫ్ట్‌వేర్‌కూ పట్టదు. మొదటి కాన్పుకు పుట్టింటికి వెళ్ళడం మన ఆనవాయితీ. పేరు నమోదైంది అత్తవారి ఊరి హెచ్‌ఐవీ పరీక్షా కేంద్రం (ఐసీటీసీ)లో. కాన్పు ఇంకో జిల్లాలో. బిడ్డకు నెవిరపిన్ సిరప్ ఒకచోట ఇస్తారు. ఆరో వారంలో మడమ గుచ్చి, కార్డు మీది గుండ్రాల్లో రక్తపు చుక్కలు ఆరబెట్టి ప్రయోగశాలకు పంపాల్సింది మరొకచోట. పుట్టింట్లో ఈ విషయం ఎవరికీ చెప్పుకోలేని తల్లి, ఆశా కార్యకర్త ఇంటికి వస్తానంటే వద్దంటుంది. ఆమె భయం ఆమెది. మూడో నెల దాటాక తిరిగొచ్చేసరికి ఆరు వారాల గడి ఖాళీగా ఉంటుంది. కథ అక్కడితో అయిపోదు. ఆ పరీక్ష నెగటివ్ వచ్చినా తల్లిపాలు తాగినన్నాళ్ళూ ముప్పు ఉన్నట్టే. అందుకే ఆఖరి మాట 18 నెలల పరీక్షది. ఆరు వారాల అంకెను చూపి విజయం ప్రకటించేవాళ్ళకు ఇది తెలియక కాదు.

నమూనా లేకుండా కుదరదన్నది అధికారుల వాదన. ఒప్పుకుంటాను. పరీక్షకే రాని గర్భిణిని ఏ రిజిస్టరూ లెక్కపెట్టలేదు, ఆమెను ఊహించాల్సిందే. అంచనాలతో పాటు కనిష్ఠ గరిష్ఠ పరిధులు కూడా న్యాకో ప్రచురిస్తోంది. వేదికల మీద, వార్తల్లో మాత్రం నడిమి అంకె ఒక్కటే మిగులుతుంది. అంకెలన్నీ బూటకమని కొట్టిపారేసేవారితోనూ నాకు పేచీయే. 1,12,600 తప్పని చెప్పింది కూడా గణాంకశాస్త్రమే.

కానీ ఈ ఒప్పుదలను అడ్డం పెట్టుకుని జరుగుతున్నదేమిటి? నిర్మూలన గుర్తింపుకు ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫలితాల విషయంలో పెట్టిన కొలతలు రెండు. బిడ్డలు తల్లిపాలు తాగే దేశాల్లో సంక్రమణ రేటు 5 శాతం లోపు ఉండాలి. లక్ష జననాలకు కొత్తగా వైరస్ సోకిన బిడ్డలు 50కి మించకూడదు. రెండో కొలతను మన దేశానికి వేసి చూడండి. ఏడాదికి సుమారు 2.3 కోట్ల జననాలు. లక్షకు 50 అంటే 11,500 మంది బిడ్డలు. అంతమందికి సోకినా ఆ గడిలో టిక్కు పడుతుంది. క్యూబా 2015లో, శ్రీలంక 2019లో ఈ గుర్తింపు పొందాయి. వాళ్ళ జననాల సంఖ్యకు ఈ కొలత గట్టిదే కావచ్చు. జాతీయ సగటులో జిల్లాలకు జిల్లాలు దాక్కునే మనలాంటి దేశంలో అది మెత్తటి పరుపు. ఇక బరువంతా మొదటి కొలత మీదే. అదేమో నమూనా కట్టిన లవాన్ని నమూనా కట్టిన హారంతో భాగించగా వచ్చేది.

రాష్ట్ర ఎయిడ్స్ నియంత్రణ సొసైటీలు ఏటా జిల్లాకొక వరుస చొప్పున ఒక పట్టిక అచ్చువేయాలి. నమోదైన గర్భిణులు, కాన్పులు, ఆరు వారాల పరీక్ష జరిగిన బిడ్డలు, 18 నెలలకు ఫలితం తేలిన బిడ్డలు, ఏమయ్యారో తెలియని బిడ్డలు. ఎవరి పేరూ అక్కర్లేదు కాబట్టి 2017 హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టంలోని గోప్యతకు భంగం లేదు. దానితోపాటు గుంటూరులో చేసినట్టు కొన్ని జిల్లాల్లో ప్రైవేటు ప్రసూతి వార్డులను కూడా కలుపుకొని నమూనా లెక్కను సరిచూడాలి. రూ.15 వేల కోట్ల కార్యక్రమానికి ఇదేం పెద్ద ఖర్చు? జాప్యం డబ్బు వల్ల కాదు, ఐదో గడి వల్ల. తెలియని బిడ్డలు 40 శాతం ఉన్న జిల్లాలో 3.7 శాతం రేటును ఏ మంత్రీ చదవలేడు. ఆ గడి నింపేదాకా, నిర్మూలన సాధించామని వచ్చే ప్రకటనను పత్రికలు మొదటి పేజీలో వేయనక్కర్లేదు. లోపలి పేజీలో, ‘అంచనా’ అని శీర్షికలోనే రాసి వేస్తే చాలు.