చర్చలో గెలిచిందెవరు?

2024 జూన్ 28, మనకు పొద్దున ఆరున్నర. అమెరికా అధ్యక్ష ఎన్నిక కోసం అట్లాంటాలో బైడెన్, ట్రంప్ టీవీ చర్చలో తలపడ్డారు. పిల్లలు అమెరికాలో ఉన్న ఇళ్లు మన పల్లెల్లోనూ ఉన్నాయి కాబట్టి ఆ ముచ్చట బోనకల్ టీకొట్ల దాకా వచ్చింది. అందరి నోటా బైడెన్ తడబాటే. ట్రంప్ చెప్పిన లెక్కల్లో నిజమెంతని అడిగినవాళ్లు తక్కువ. జూలై 21న బైడెన్ పోటీ నుంచే తప్పుకున్నారు. 1960లో కెనడీ, నిక్సన్‌ల చర్చ తర్వాత కూడా జనం నిక్సన్ పాలిపోయిన ముఖం గురించే ఎక్కువగా చెప్పుకున్నారు.

మన రాష్ట్రపతి ఎన్నికకు అలాంటి చర్చల పరీక్ష లేదు. 1969లో గిరి, సంజీవరెడ్డి ఇద్దరూ తెలుగువాళ్లే పోటీపడ్డా, ఓటర్లు ఎంపీలు, ఎమ్మెల్యేలే. అందులో మన వాటా మన ఎంపీ ఓటు, మధిర ఎమ్మెల్యే ఓటు. 2022లో ఎమ్మెల్యే ఓటు విలువ 132.

ప్రధాని పదవికైనా ఎదురెదురు చర్చ పెడదామని 2024 మేలో జస్టిస్ లోకూర్, జస్టిస్ ఏపీ షా, పాత్రికేయుడు ఎన్.రామ్ కలిసి మోదీని, రాహుల్‌ని పిలిచారు. రాహుల్ సరేనన్నారు. చర్చ మాత్రం జరగలేదు.

బహిరంగ సభలో మైకు ఒకరిదే, ఎదురు ప్రశ్న ఉండదు. అందుకే మా ప్రతిపాదన: ఎన్నిక ఏదైనా అభ్యర్థులందరినీ ఒకే అరుగు మీద కూర్చోబెడదాం. సాగర్ కాలువ చివరి భూములకు నీళ్లెప్పుడు, మిర్చికి గిట్టుబాటు ధర ఎలా అని అడుగుదాం. మీరైతే ఏం అడుగుతారో రాసి పంపండి, వచ్చే సంచికలో వేస్తాం.

– సంపాదకుడు